శ్రీశైలం నడకకు గుంపుగా పోతున్నరా? తోటోళ్లతో ఎట్ల నడవాలో చెప్తా

శివరాత్రి ఇంక నెలన్నర ఉందనంగనే మా దేవరకొండ దిక్కు ఏ చాయ్ హోటల్ కాడ చూసినా ఒకటే ముచ్చట. ఈసారి నడుస్తున్నవా, ఎంతమంది అయిన్రు, సామాన్ల ఆటో ఎవరిది, వండేది ఎవరు. బూట్లు ఏవి కొనాలె, బ్యాగుల ఏం పెట్టాలె అని చెప్పేటోళ్లు మస్తు మంది దొరుకుతరు. పక్కన నడిచేటోనితో ఎట్ల ఉండాలె అనేది మాత్రం ఎవ్వరు చెప్పరు, అది దానంతట అదే వస్తదనుకుంటరు. రాదు. మూడో రోజు మధ్యాహ్నం అరికాళ్లు మండుతుంటే, నెత్తి మీద ఎండ కొడుతుంటే, సొంత అన్నదమ్ములు నీళ్ల బాటిల్ కాడ కొట్లాడుకున్నది నేను కళ్లార చూసిన. ఇప్పటికి ఆరుసార్లు నడిచిన నేను, అండ్ల మొదటిసారి నా మూలంగనే తొమ్మిది మంది అడవిల ఆగాల్సి వచ్చింది. ఆ కథ నడుమల చెప్తా.

నేను చెప్పేది మా దారి సంగతి. దేవరకొండ నుంచి డిండి, ఆడ 765 నంబర్ హైవే ఎక్కి హాజీపూర్ చౌరస్తా, మన్ననూరు, ఫర్హాబాద్, వట్వర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, పాతాళగంగ, శ్రీశైలం. హైదరాబాద్ నుంచి నడిచేటోళ్లు కల్వకుర్తి మీదికెళ్లి వచ్చి ఇదే హైవేల కలుస్తరు, వాళ్లది మొత్తం 200 కిలోమీటర్ల పైనే. మాల వేసుకున్న స్వాములైనా, మాల లేకుండ మొక్కు కోసం నడిచేటోళ్లైనా ఇవే మాటలు పనికొస్తయి.

మొదలు: గుంపును కుదుర్చుకోవడం

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఇరవై మంది అయితే అది గుంపు కాదు, రెండు మూడు గుంపులు అయితది, ఎవరు ఏడున్నరో ఎవరికీ తెల్వదు. ఐదుగురే అయితే ఒకరికి బాగలేకపోతే మిగిలినోళ్ల మీద బరువు పడతది.

బయల్దేరేకంటే మూడు వారాల ముందు అందరూ ఒక్కకాడ కూసోండి. ఫోన్ల గ్రూపుల కాదు, మనిషి ముంగట మనిషి కూసోవాలె. అప్పుడు సిగ్గుపడకుండ అడగాల్సినవి కొన్ని ఉంటయి. షుగర్ ఎవరికుంది, బీపీ గోలీలు ఎవరేసుకుంటరు, మోకాళ్ల నొప్పులు ఎవరికి, ఎవరికన్నా గుండెకు స్టెంట్ పడ్డదా, ఉత్తకాళ్లతోటి నడిచేది ఎవరు చెప్పులేసుకొని నడిచేది ఎవరు. గోలీల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇద్దరి జేబుల పెట్టండి. ఇంటోళ్ల నంబర్లు కూడా అదే కాగితం మీద రాయండి, ఎందుకంటే ఫోన్ల చార్జింగ్ అయిపోయినంక ఇంటి నంబర్ నోటికి చెప్పేటోడు ఈ కాలంల ఒక్కడు కనపడడు.

పైసల ముచ్చట కూడా ఆనాడే తెగాలె. మనిషికి ఇంత అని వేసుకొని, లెక్క రాసేటోన్ని ఒక్కన్ని పెట్టుకోండి. ఆ ఒక్కడు జేబుల చేయి పెట్టడానికి ఆలోచించేటోడు కాకుండ చూస్కోండి, అరటిపండ్లు కొందామంటే బేరం ఆడుకుంట కూసునేటోనితో దారి సాగదు.

ఇంకోటి, కనీసం రెండు సార్లు అందరు కలిసి నడిచి చూడండి. మేము దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి దాకా పోయి వాపసు వస్తం. ఎవరు ఉరుకుతరు, ఎవరు వెనకవడతరు, ఎవరు గంటకోసారి సిగరెట్ అంటరు, ఎవరు నోరు మూయకుండ మాట్లాడుతరు అన్నీ ఆ ఒక్క పొద్దుల బయటపడతయి. మీకు పడనోడు ఎవడో కూడా తెలుస్తది. వానితోని కూడా నడవొచ్చు, కాకపోతే వాని పక్కన పండుకోకుండ చూస్కోవాలె, అంతే.

నడక వరుస: నిదానంగ నడిచేటోడే ముందు

అందరు చేసే తప్పు ఇదే. జోరుగ నడిచేటోడు ముందటికి పోతడు, అరగంటల కిలోమీటర్ దూరం అయితడు, అక్కడ చెట్టు కింద కూసొని వెనకోళ్ల కోసం చూస్తడు. వెనకోళ్లు రొప్పుకుంట వచ్చి చేరంగనే "ఇగ పోదాం పాండ్రి" అని లేస్తడు. అంటే వానికి పదిహేను నిమిషాల రెస్ట్ దొరికింది, అసలు రెస్ట్ కావాల్సినోనికి ఒక్క నిమిషం దొరకలే. ఇట్ల రెండు రోజులు జరిగితే వెనకోడు మూడో రోజు ఏడుస్తడు, లేకపోతే తిడతడు.

అందుకే మెల్లగ నడిచేటోళ్లను ముందట పెట్టండి. గుంపు నడక వాళ్ల నడకే. గట్టిగ ఉన్నోన్ని, ఓపిక ఉన్నోన్ని అందరికంటే వెనక పెట్టండి. మేము వాన్ని కడగొట్టు స్వామి అంటం. వాని వెనక మన మనిషి ఎవ్వడు ఉండొద్దు, ఒకటికి పోయినోడు వచ్చేదాకా కడగొట్టోడు ఆడనే నిలబడతడు. టార్చి, పెద్ద ఈల, మందుల సంచి వాని కాడనే ఉండాలె, ఎందుకంటే పడేటోడు ఎప్పుడూ వెనకనే పడతడు, మందుల సంచేమో ముందటోని భుజం మీద రెండు కిలోమీటర్ల అవతల ఉంటది, ఇది మాకు రెండు సార్లు అయింది.

రోడ్డు మీద కుడి పక్క నడవండి, ఎదురొచ్చే బండ్లు కనపడాలె. ఇద్దరిద్దరు పక్కపక్కన నడుచుకుంట ముచ్చట్లు పెట్టుకునుడు బాగుంటది గాని హైవే మీద అది ప్రాణాల మీదికి తెస్తది, ఒకరి వెనక ఒకరే. తెల్లారకముందు నడిస్తే మొదటోనికి, ఆఖరోనికి మెరిసే టేపు అంటించిన జాకెట్లు వేయండి. పొద్దుగాల నాలుగింటికి మొదలుపెట్టి పదకొండు లోపల ఆ రోజు నడకల ముప్పావు భాగం అయిపోవాలె, మళ్ల మూడున్నర దాటినంకనే లేవాలె. వినోబా భావే కూడా చీకటితోటే లేసి నడిచేటోడట. 1951 ఏప్రిల్‌ల మన జిల్లా పోచంపల్లికి ఆయన వచ్చింది నడుచుకుంటనే, అప్పుడది నల్గొండ జిల్లనే గదా. ఏప్రిల్ ఎండల గట్ల నడిచిన మనిషిని తలుచుకుంటే ఫిబ్రవరి ఎండకు మనం ఏడ్వొద్దు అనిపిస్తది, అయినా ఏడుస్తం.

రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు పెట్టుకోండి. మేము 40 కొట్టినం అని చెప్పుకునేటోళ్లు ఉంటరు, చెప్పుకోనియ్యండి.

కాళ్లు చూపించుకోవడం: ఇది అన్నిటికంటే పెద్ద పని

ఇగ నా కథ. మొదటిసారి పోయినప్పుడు నేనే అందరికంటే చిన్నోన్ని, జిమ్ముకు పోయేటోన్ని, కొత్త బూట్లు కొన్న. డిండి దాటినంక ఎడమ మడమ కాడ చురుక్కుమన్నది. మా ముంగట 60 దాటిన పెద్దమనిషి, మా ఊర్ల బట్టలు కుట్టే ఆయన, రబ్బరు చెప్పులతోటి టకటక పోతుండు. ఆయన ముంగట నాకు కాలు నొస్తుందని ఎట్ల చెప్పాలె? సప్పుడు చేయలే. హాజీపూర్ చౌరస్తా కాడ అందరు కాళ్లు కడుక్కుంటే నేను సాక్సు ఇప్పలే, ఇప్పితే కనపడతదని. మన్ననూరు గుట్ట ఎక్కేటప్పుడు లోపల బొబ్బ పగిలింది, తడి తెలుస్తుంది, అయినా నవ్వుకుంట నడిచిన. తెల్లారి ఫర్హాబాద్ దాటినంక ఇగ అడుగు పడలే. తొమ్మిది మంది నా కోసం రోడ్డు పక్కన కూసున్నరు. అడవి, పొద్దు వాలుతుంది, వట్వర్లపల్లి ఇంకా దూరం. ఆ పెద్దమనిషే నా కాలు తీసి ఆయన తొడ మీద పెట్టుకొని తాగేనీళ్లతోటి కడిగిండు. సాక్సు తోలుకు అంటుకుపోయింది. "నిన్ననే చెప్తే చిన్న టేపు ముక్కతోని పోవు గదరా" అన్నడు, అంతే, ఇంకో మాట అనలే. తిడితే బాగుండు అనిపించింది.

దారి పొడుగునా మనం ఏమని అరుస్తం? చేదుకోవయ్యా మల్లన్నా అని. చేదుడంటే బాయిల నుంచి బొక్కెనతోటి నీళ్లు గుంజినట్టు పైకి గుంజుడు. నన్ను పైకి గుంజు అని దేవునికి గొంతు పోయేటట్టు చెప్తం గాని, పక్కన నడిచేటోనికి మడమ నొస్తుందన్నా అని చెప్పనీకి నోరు రాదు. సాయం చేసేటోళ్లకు ఈ నడకల కొదవ లేదు, అడుక్కో దేవుడు దొరుకుతడు. అడిగేటోళ్లే లేరు. అందుకే గుంపుల ఎవరూ అడగాల్సిన అవసరమే రాకుండ పద్ధతి పెట్టుకోవాలె. మేము చేసేది ఇది:

నడక మొదలైనంక మొదటి గంటకు ఆగాలె, అందరూ చెప్పులు, బూట్లు, సాక్సులు ఇప్పాలె. నొప్పి ఉన్నోళ్లు కాదు, అందరు. గుంపుకు పెద్ద ఎవరో ఆయన అందరికంటే ముందు తన కాళ్లు చూపించాలె. ఆయనే చూపించినంక చిన్నోళ్లకు సిగ్గు పోతది. అక్కలు ఉంటే అక్కల కాళ్లు అక్కలే చూస్కుంటరు. తర్వాత ప్రతి రెండు గంటలకోసారి ఇదే పని.

"బాగున్నవా" అని మాత్రం అడగొద్దు. బాగున్నవా అంటే బాగున్న అనే అంటడు, మన నోటికి ఇంకో జవాబు రాదు. "ఏ కాలు నొస్తుంది" అని అడగండి. అప్పుడు ఎడమదో కుడిదో చెప్తడు. ఈ ఒక్క మాట మార్చినంక మా గుంపుల దాచిపెట్టుడు సగం తగ్గింది.

తోలు ఎర్రగ అయ్యి వేడిగ అనిపిస్తే అదే టైము, బొబ్బ ఇంకా రాలే, ఆడ పేపర్ టేపు ముడతలు లేకుండ అంటిస్తే చాలావరకు ఆగిపోతది. రాపిడికి బొబ్బ లేస్తది, చెమట తడి, వేడి తోడైతే ఇంకా జల్ది లేస్తది కాబట్టి మధ్యాహ్నం సాక్సులు మార్చాలె, పొద్దటివి సంచికి కట్టి ఎండేయాలె. చిన్న బొబ్బను పగలగొట్టొద్దు. పెద్దగ అయ్యి నడవనియ్యకపోతే, సూదిని స్పిరిట్‌తోటి బాగ తుడిచి అంచు కాడ చిన్నగ పొడిచి నీళ్లు పోనియ్యాలె, పైన తోలు మాత్రం పీకొద్దు, బెటాడిన్ పూసి గాజ్ బ్యాండేజీ కట్టాలె. షుగర్ ఉన్నోళ్ల కాలికి ఈ పని మనం చేయొద్దు, డాక్టర్‌కే చూపించాలె. వాళ్లను ఉత్తకాళ్లతోటి నడవనియ్యొద్దు, మొక్కున్నా సరే. మల్లన్న ఏమనుకోడు, ఆ మాట చెప్పే ధైర్యం గుంపుల ఒకరికన్నా ఉండాలె. కాలు తిమ్మిరెక్కి ఉంటది కాబట్టి ముల్లు గుచ్చుకున్నా వాళ్లకు తెల్వదు, పొద్దుకు పుండు అయితది.

తొడలు ఒరుసుకుపోయేది ఇంకో బాధ, ఇది కాలి బొబ్బ కంటే ఎక్కువ దాచుకుంటరు. పొద్దుగాలనే కొబ్బరినూనె సీస అందరి మధ్యల పెట్టి "రాసుకోండ్రి" అని ఒక్కసారి చెప్పి ఆ పక్కకు చూడకుండ వచ్చేయండి. ఎవరికి కావాలో వాళ్లే తీస్కుంటరు.

నీళ్లు, తిండి

నీళ్లు అయిపోయినోనికి ఇచ్చుడు గొప్ప కాదు, వాని నీళ్లు అయిపోతున్నయని ముందే చూసుడు గొప్ప. ఆగిన ప్రతిసారి అందరి బాటిళ్లు ఎత్తి చూడండి, నిండుగ ఉన్నోడు తాగుతలేడని అర్థం. వానికే ముందు తాపాలె.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి రోజుకు రెండు చొప్పున పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటర్ నీళ్లల్ల కలపాలె. మావోళ్లు కొందరు సగం గ్లాసుల మొత్తం పోసుకొని తాగుతరు, అది తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటర్ నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు గుండుగ కాదు, సాపుగ.

సంచుల తినేది: పల్లిపట్టి, పుట్నాలు, బెల్లం, ఖర్జూరం, పొద్దటి సద్దికి జొన్నరొట్టె దాని మీద తొక్కు. పాలమూరు దిక్కు నుంచి వచ్చేటోళ్ల జొన్నరొట్టెలు మూడు రోజులైనా తినొచ్చు, మేము మా పులిహోర ఇచ్చి వాళ్ల రొట్టెలు తీస్కుంటం, ఈ మార్పిడి ఎన్నేండ్ల నుంచో నడుస్తుంది. ఒక్కడే పక్కకు పోయి సంచిల చేయి పెట్టి జీడిపప్పు నమిలేటోడు ప్రతి గుంపుల ఒకడుంటడు, వాన్ని ఏం అనొద్దు, వాని పక్కన కూసొని మీ సంచి ఇప్పి ముందు పెట్టండి. రెండోసారికి వాని సంచి కూడా ఇప్పుకుంటది.

టెంట్ల కాడ మర్యాద

శివరాత్రికి ముందు వారం అంతా హైవే పొడుగునా ఊరోళ్లు టెంట్లు వేసి మజ్జిగ, అరటిపండ్లు, ఉప్మా, పెరుగన్నం పెడతరు. కొన్ని కాడ వేడినీళ్లు పెట్టి కాళ్లకు నూనె రాసి పిసుకుతరు, ఆ పిసికేటోళ్లల్ల కొందరు మనకంటే పెద్దోళ్లు ఉంటరు, మొదటిసారి కాలు ఇయ్యనీకి మనసు రాదు. ఇయ్యండి. వద్దు వద్దు అని గుంజుకుంటే వాళ్లకే బాధ, ఆ సేవ చేయనీకే వాళ్లు పొలం పని ఇడిసిపెట్టి వచ్చిన్రు.

కాకపోతే తినేకాడికే పెట్టించుకోండి. ఇస్తరాకుల అన్నం ఇడిసి లేసుడు, మజ్జిగ గ్లాసులు రోడ్డు మీద ఇసిరేసుడు చూస్తే నాకు మస్తు కోపం వస్తది. తిన్నంక ఇద్దరు ఉండి అక్కడ చెత్త ఎత్తండి, వండేటోళ్లకు నీళ్ల బిందె అందియ్యండి, పది నిమిషాలే. వెనక వచ్చే గుంపుకు "ముందట ఫలానా కాడ మజ్జిగ ఉంది, ఫలానా కాడ నీళ్లు లేవు" అని చెప్పండి. తెల్వనోడైనా స్వామీ అని పిలిస్తే చాలు, ఆడోళ్లను మాతా అంటరు, మాల లేకపోతే అక్కా అన్నా. పేరు, ఊరు, కులం అడిగే పని ఈ దారిల అసలే లేదు. అడిగేటోడు ఎదురైతే వాని కంటే కొంచెం జోరుగ నడవండి.

రాత్రి పండుకునే కాడ

బడి వరండాలు, గుడి మండపాలు, ఫంక్షన్ హాళ్లు, ఏది దొరికితే అది. ముందే పోయినోడు మంచి జాగ పట్టుకునుడు కాదు, గోడ పక్క జాగ పెద్దోళ్లకు, బాత్రూం దగ్గర జాగ రాత్రి లేసేటోళ్లకు. అక్కలు ఉంటే వాళ్లకు లోపలి మూల ఇచ్చి మన గుంపోళ్లే బయటి పక్క పండుకోవాలె, రాత్రి ఒకటికి పోయేటప్పుడు ఒక్కరే పోకుండ ఇద్దరు పోవాలె.

గుంపుకొక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకోండి. వరండాల ఒక్క ప్లగ్గు ఉంటది, 40 మంది ఉంటరు, మీ బోర్డు పెడితే తెల్వని గుంపులోళ్లు కూడా మీకు చుట్టాలైతరు. మా గుంపుకు ఒకసారి రాత్రి అన్నం వచ్చింది ఆ బోర్డు పుణ్యానే.

గురక పెట్టేటోళ్లు ఒక పక్కకు. ఇది తమాషా కాదు, నిద్ర లేనోడు తెల్లారి కాలు తడబడి పడతడు.

అడవిల

మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దేశంలనే పెద్దవాటిల ఒకటి. రాత్రిపూట బండ్లకే గేటు బంద్ చేస్తరు. నడిచేటోళ్లు ఆ ఏడాది ఏ టైముల పోవచ్చు, ఏడ ఆగొచ్చు అనేది చెక్‌పోస్ట్ కాడ ఫారెస్టోళ్లను అడిగి, వాళ్లు చెప్పిందే చేయండి. అప్పటిదాకా తెల్లారకముందు నడిచినా, అడవిల మాత్రం వెలుగు వచ్చినంకనే. రోడ్డు దిగి లోపలికి పోవద్దు. ఇక్కడ గుంపు అసలే విడిపోవద్దు, ఊర్లల్ల కిలోమీటర్ దూరం అయినా నడిచింది గాని ఈడ కడగొట్టోడు ముందటోనికి కనపడాలె.

సిగ్నల్ చాన కాడ ఉండదు. ముందే అనుకోండి, తప్పిపోతే ఎవరు ఏడ ఆగాలె అని, "వట్వర్లపల్లిల ఆగుదాం" అన్నట్టు. అగ్గి పెట్టొద్దు, శివరాత్రి నాటికి ఆకు రాలి అడవి ఎండి ఉంటది, బీడీ ముక్క చాలు. ప్లాస్టిక్ అభయారణ్యంల నిషేధం, సంచికి ఒక చెత్త కవర్ కట్టుకొని మనది మనమే బయటికి తేవాలె. కోతులకు అరటిపండు ఇయ్యొద్దు, మీరు ఇచ్చి పోతరు, అది వెనక వచ్చే ముసలామె చేతిల సంచి గుంజుతది. బ్లూటూత్ స్పీకర్ మన్ననూరులనే బంద్ చేసి సంచిల పెట్టండి.

దారి పొంట ఈ అడవిల ఉండే చెంచు గిరిజనుల పెంటలు, అంటే వాళ్ల చిన్న చిన్న గూడేలు ఉంటయి. చెంచోళ్లకు మల్లన్న వాళ్ల ఇంటి అల్లుడు, చెంచు మల్లయ్య అంటరు. అంటే మనం వాళ్ల అల్లుడింటికి పోయే చుట్టాలం, వాళ్ల వాకిట్లకెళ్లి నడుస్తున్నం. ఇంటి ముంగటికి పోయి ఫోన్ ఎత్తి ఫొటోలు కొట్టుడు, పిల్లలకు చాక్లెట్లు ఇసురుడు చేయొద్దు. తేనె అమ్మితే బేరం లేకుండ కొనండి. దారి, నీళ్లు వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెల్వదు, అవ్వా తాతా అని పిలిచి అడిగితే చెప్తరు.

ఒకరు నడవలేకపోతే

ఎండల మనిషి పొంతన లేకుండ మాట్లాడుతుండు, ఒళ్లు కాలిపోతుంది, తూలుతుండు అంటే అది వట్టి అలసట కాదు, వడదెబ్బ. నీడకు తీస్కపోయి, బట్టలు వదులు చేసి, ఒళ్లంత నీళ్లతోటి తడిపి గాలి విసరండి, 108 కు కొట్టండి, తెలివి సరిగ లేనోనికి నోట్ల నీళ్లు పోయొద్దు. ఛాతిల బరువు, ఎడమ చేయి గుంజుడు, చెమటలు పోసుడు ఉంటే గ్యాస్ అని సోడా తాపుకుంట కూసోవద్దు, అక్కడికే నడక బంద్, 108. సిగ్నల్ లేకపోతే వచ్చే బండిని ఆపండి, ఈ దారిల ఆపితే ఆగనోడు ఉండడు.

అట్ల ప్రాణం మీదికి రాకున్నా, మోకాలు వాచి ఇగ నడవలేను అనేటోడు ఒకడైతే ప్రతిసారీ ఉంటడు. ఇది నాజూకు పని. "మొక్కు తప్పుతది" అని వాడు ఏడుస్తడు, చుట్టూ ఉన్నోళ్లు "ఏం కాదు నడువు నడువు" అంటరు. అట్ల అనొద్దు, అది ధైర్యం చెప్పినట్టు ఉండదు, మోకాలు పోగొట్టినట్టు ఉంటది. శ్రీశైలం బస్సులు ఈ హైవే మీదనే తిరుగుతయి. ఎక్కియ్యండి. ఒక్కన్నే మాత్రం ఎక్కియ్యొద్దు, ఒకరు తోడు పోవాలె, పోయేటోడు "నాకు కూడ కాలు నొస్తుందిలే" అని అబద్ధమాడితే ఇంకా మంచిది. మా బావ మూడేండ్ల కింద అట్లనే ఎక్కిండు ఒక తమ్మునితోని, ఆయన కాలుకు ఏం కాలేదని మాకు రెండు నెలలకు తెలిసింది. బస్సుల పోయినోళ్లు ముందే చేరి సత్రంల జాగ చూసి పెట్టిన్రు, ఆ ఏడు మేము చేరేసరికి వేడినీళ్లు రెడీ.

కొట్లాట అయితే ఒక మాట. రోడ్డు మీద తీర్పులు చెప్పొద్దు. ఇద్దరిని విడదీసి ఒకన్ని ముందటికి, ఒకన్ని కడగొట్టుకు పంపండి. తిన్నంక సగం కొట్లాట దానంతట అదే పోతది, మిగిలిన సగం పైసల లెక్క అయి ఉంటది.

ఆఖరి రోజు

ఈగలపెంట నుంచి కృష్ణ దాకా దిగుడు. అందరూ ఎక్కుడుకు భయపడతరు గాని మోకాళ్లు పోయేది ఈ దిగుడులనే. చిన్న చిన్న అడుగులు, కట్టె ఉంటే కట్టె, జోరుగ ఉన్నోడు పెద్దోళ్ల సంచులు తీస్కోవాలె. "నేను మోస్త" అని అడగొద్దు, వద్దంటరు, భుజం మీదికెళ్లి తీసుకొని నడవడమే. వంతెన కాడ ఆగండి. ఆఖరోడు వచ్చేదాకా ఎవ్వరు దాటొద్దు, అవతల సుండిపెంట ఎక్కుడు అందరు ఒక్కసారే మొదలుపెట్టాలె.

గుడి కాడ జనం సముద్రం లెక్క ఉంటది, ఫోన్లు కలువవు. శివరాత్రి రాత్రి పాగా చూద్దామనుకుంటే ఇంకా జాగ్రత్త. నేతన్న ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసిన 365 మూరల పాగాను గోపురానికి చుట్టేటప్పుడు దీపాలన్నీ ఆర్పేస్తరు, అంత జనంల ఆ చీకట్ల చేతిల చేయి పట్టుకున్నోడు కూడా కనపడడు. ఏడ కలవాలె, ఎన్నింటికి కలవాలె అనేది వెలుగు ఉన్నప్పుడే ఒక గుర్తు చూపించి చెప్పండి, ఫలానా సత్రం గేటు అని. "గుడి ముంగట" అంటే దొరకరు.

వాపసు బస్సుల కిటికీ సీట్లు కాళ్లు బాగ పోయినోళ్లకు. ఇంటికి పోయినంక పది రోజుల దాకా బొబ్బలున్నోళ్లకు, ముఖ్యంగ షుగర్ ఉన్నోళ్లకు ఫోన్ చేసి ఏ కాలు ఎట్లుందో అడగండి, వాపు, చీము ఉంటే దవాఖానకు తోలండి. లెక్కలు మాత్రం బస్సు మన్ననూరు దాటకముందే తేల్చుకోండి, ఇంటికి చేరినంక మల్లన్న వచ్చి అడిగినా ఎవ్వడూ ఇయ్యడు.